కయోటీ వేట

కయోటీ వేట అనగా ఉత్తర అమెరికా ఖండములో నివసించే కయోటీ అను నక్క వంటి జంతువును వేటాడుట. అమెరికా సంయుక్త రాష్ట్రములు, కెనడాలలోని పల్లె ప్రాంతములలో ఇది ముఖ్యముగా చలికాలపు వేట. చాలాకాలముగా పరిచయమున్న ఇద్దరు మిత్రులు జంటగా వెళ్ళి, ఒకరు గాయపడిన కుందేలు అరుపును అనుకరించి కయోటీని రప్పించగా, మరొకరు తుపాకీతో కాల్చుట ఇందులో బాగా వ్యాప్తిలో ఉన్న పద్ధతి. గొర్రెల మందలకు రక్షణ, బొచ్చుతోలుకు లభించే ధర, వినోదము ఈ వేటకు ముఖ్య కారణములు. అయితే ఈ వేట వలన కయోటీల సంఖ్య నిజముగా తగ్గునా అనే విషయముపై దీర్ఘకాలముగా చర్చ జరుగుతున్నది.

జంతువు పరిచయము

కయోటీ శాస్త్రీయ నామము కేనిస్ లాట్రాన్స్. లాటిన్ భాషలో దీనికి "మొరిగే కుక్క" అని అర్థము. 1823లో థామస్ సే అను ప్రకృతి శాస్త్రవేత్త దీనిని శాస్త్రీయముగా వర్ణించాడు. కయోటీ అను పేరు మెక్సికోలోని నాహువాటల్ భాషాపదము నుండి స్పానిష్ భాష ద్వారా ఇంగ్లీషులోనికి వచ్చినది. ఇది తోడేలు కంటె చిన్నది. తెలుగునాట కనిపించే నక్కకు దగ్గరి బంధువు. కుందేళ్ళు, ఎలుకలు, జంతువుల కళేబరములు, పండ్లు దీని ఆహారము. అవకాశము దొరికినపుడు గొర్రెపిల్లలను, జింకపిల్లలను కూడా చంపుతుంది.

ఒకప్పుడు కయోటీలు ప్రధానముగా ఖండపు పశ్చిమ, మధ్య భాగములలోని గడ్డిభూములలోను, ఎడారులలోను నివసించేవి. మనుషులు తోడేళ్ళను చాలా ప్రాంతములలో నిర్మూలించి, అడవులను పొలములుగా మార్చిన తరువాత ఇవి 20వ శతాబ్దములో తూర్పు తీరము వరకు వ్యాపించాయి. ప్రస్తుతము హవాయి తప్ప మిగిలిన అమెరికా రాష్ట్రములన్నింటిలోను ఉన్నాయి. పెద్ద నగరములలో సైతము నివసిస్తున్నాయి.

చలికాలములో వేటాడుటకు కారణములు

చలికాలములో కయోటీ బొచ్చు ఒత్తుగా, పొడవుగా పెరుగుతుంది. తోలుకు మంచి ధర వచ్చేది ఈ కాలములోనే. చలిని తట్టుకొనుటకు దానికి ఆహారము ఎక్కువ కావాలి. అదే సమయములో మంచు వలన ఆహారము దొరకుట కష్టమగును. కనుక కుందేలు అరుపు వినబడితే త్వరగా ఆకర్షింపబడుతుంది. జనవరి నుండి మార్చి వరకు ఇవి జతకట్టే కాలము. అప్పుడు తమ ప్రాంతమును కాపాడుకొనుటకై ఇతర కయోటీల ఊళకు కూడా స్పందిస్తాయి. మంచుమీద అడుగుజాడలు స్పష్టముగా కనిపించుట వేటగాళ్ళకు మరొక సౌకర్యము.

వేట జరిగే తీరు

జంట వేటగాళ్ళు తెల్లవారక ముందే బయలుదేరుతారు. వాహనమును మిట్ట వెనుక కనబడకుండా నిలిపి, తలుపులను చప్పుడు కాకుండా మూసి, కొంత దూరము నడచి వెళ్ళి ఒక పొదకో గడ్డివామికో ఆనుకొని కూర్చుంటారు. మంచు ఉన్నచోట తెల్లని దుస్తులు ధరిస్తారు. ఒకరు నోటితో ఊదే చిన్న బూరతో కుందేలు ఆర్తనాదమును అనుకరిస్తారు. ఇటీవలి కాలములో ఇందుకు ఎలక్ట్రానిక్ పరికరములను కూడా వాడుతున్నారు. కొద్దిసేపు ఊది, కొంతసేపు ఆగి, మరల ఊదుతారు. ఒక్కొక్కచోట సుమారు 15 నుండి 20 నిముషములు వేచియుండి, ఏమీ రానిచో మరొక చోటుకు వెళతారు.

ఈ వేటలో అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. కయోటీ చెవిని నమ్మి వస్తుంది గాని ముక్కుతో నిర్ధారించుకొన్న తరువాతనే దగ్గరకు చేరుతుంది. అందుకని శబ్దము వచ్చిన చోటును నేరుగా చేరక, చుట్టూ తిరిగి, అక్కడి వాసనను గాలి మోసుకొని వచ్చే వైపునకు వెళ్ళుటకు ప్రయత్నిస్తుంది. మనిషి వాసన తగిలిన మరుక్షణము పారిపోతుంది. ఇద్దరు వేటగాళ్ళు అవసరమగుట ఇందువలననే. ఊదేవాని దృష్టి ముందువైపు ఉండగా, రెండవవాడు కొంత ఎడముగా కూర్చొని, కయోటీ చుట్టి వచ్చే వైపును కాపలా కాస్తాడు.

వేట సమయములో మాట్లాడుటకు గాని కదలుటకు గాని వీలుండదు. ఎవరు ఏ దిక్కున కాల్చవలెనో ముందుగానే నిర్ణయించుకొని, ఎట్టి పరిస్థితిలోను ఆ హద్దును దాటకూడదు. ఏళ్ళ తరబడి కలసి తిరిగిన మిత్రులకు చేతిసైగ చాలును. వాహనము మంచులో కూరుకుపోయినా, తీవ్రమైన చలి వలన ఒకరికి అస్వస్థత కలిగినా రెండవవారు ఉండుట ప్రాణరక్షణకు అవసరము.

దూరము నుండి కాల్చుటకు రైఫిల్, పొదలలో దగ్గరగా కాల్చుటకు షాట్‌గన్ వాడతారు. చాలాచోట్ల ఊదినా ఏమీ రాదు. మధ్యాహ్నము గాలి పెరిగితే శబ్దము దూరము వెళ్ళదు. రోజంతా తిరిగి వట్టి చేతులతో మరలివచ్చుట సామాన్యము.

చట్టములు

నియమములు రాష్ట్రమును బట్టి మారుతాయి. అనేక రాష్ట్రములలో సంవత్సరము పొడవునా, సంఖ్యా పరిమితి లేకుండా కయోటీని వేటాడవచ్చును. న్యూయార్క్ వంటి కొన్ని రాష్ట్రములు అక్టోబరు నుండి మార్చి వరకు మాత్రమే అనుమతిస్తాయి. యూటా రాష్ట్రము మ్యూల్ జింకల రక్షణ కొరకు 2012లో చట్టము చేసి, ఒక్కొక్క కయోటీకి 50 డాలర్ల బహుమానము ప్రకటించినది.

గుర్తించుటలో పొరపాటు పెద్ద సమస్య. ఉత్తర కరోలినాలో మిగిలియున్న అరుదైన ఎర్ర తోడేళ్ళు చూచుటకు కయోటీలను పోలి ఉంటాయి. అందువలన 2014లో ఒక న్యాయస్థానము ఆ తోడేళ్ళు ఉన్న 5 కౌంటీలలో కయోటీ వేటను తాత్కాలికముగా నిలిపివేసినది.

తోలు వ్యాపారము

2010 తరువాతి సంవత్సరములలో శీతకాలపు కోట్ల టోపీ అంచులకు కయోటీ బొచ్చును కుట్టుట ఫ్యాషన్ అగుటచే తోలు ధరలు బాగా పెరిగాయి. ఈ కోట్లకు పేరొందిన కెనడా గూస్ సంస్థ, బొచ్చు వాడకమును 2022 చివరికి మానివేయగలమని 2021లో ప్రకటించినది. కాలిఫోర్నియాలో కొత్త బొచ్చు వస్తువుల అమ్మకముపై నిషేధము 2023 జనవరి నుండి అమలులోనికి వచ్చినది.

వేట వలన సంఖ్య తగ్గునా?

అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ విభాగము 2018లో సుమారు 68 వేల కయోటీలను చంపినది. వేటగాళ్ళు చంపినవి ఇందుకు అదనము. ఒక శతాబ్దమునకు పైగా విషము, ఉచ్చులు, తుపాకులు ప్రయోగించినను కయోటీలు తగ్గకపోగా కొత్త ప్రాంతములకు వ్యాపించాయి.

దీనికి కారణము వాటి సంతానోత్పత్తి విధానమని శాస్త్రవేత్తలు వివరిస్తారు. కొన్ని చనిపోగా మిగిలిన వాటికి ఆహారము సమృద్ధిగా లభిస్తుంది. అప్పుడు చిన్న వయసు ఆడవి కూడా పిల్లలను కంటాయి, ఈతకు పుట్టే పిల్లల సంఖ్య పెరుగుతుంది, ఖాళీ అయిన చోటుకు ఇతర కయోటీలు వచ్చి చేరుతాయి. 1975లో కొనోలీ, లాంగ్‌హర్స్ట్ అను పరిశోధకులు గణిత నమూనా ద్వారా లెక్కించి, ప్రతి సంవత్సరము 75 శాతము కయోటీలను చంపినను అవి అంతరించుటకు 50 సంవత్సరములకు పైగా పట్టునని తేల్చారు.

అయితే వేట పూర్తిగా నిష్ప్రయోజనమని చెప్పుటకు వీలులేదు. చలికాలములో విమానముల నుండి కయోటీలను చంపిన మేతభూములలో తరువాతి వేసవిలో గొర్రెపిల్లల నష్టము తగ్గినదని 1999లో వెలువడిన ఒక అధ్యయనము తెలిపినది. ఇడాహోలో జరిపి 2011లో ప్రకటించిన మరొక పరిశోధనలో మాత్రము కయోటీలను తొలగించుట వలన మ్యూల్ జింకల సంఖ్య చెప్పుకోదగినంతగా పెరగలేదని తేలినది. అనగా ఒక మందను కొంతకాలము కాపాడుట సాధ్యము, ఆ జాతిని అదుపు చేయుట బహు కష్టము. కాపలా కుక్కలను పెంచుట, రాత్రిళ్ళు గొర్రెలను దొడ్డిలో ఉంచుట ఇతర రక్షణ మార్గములు.

విమర్శలు

ఎక్కువ జంతువులను చంపినవారికి బహుమతులిచ్చే పోటీలు తీవ్ర విమర్శకు గురైనాయి. కాలిఫోర్నియా 2014లోను, వెర్మాంట్ 2018లోను, న్యూ మెక్సికో 2019లోను ఇటువంటి పోటీలను నిషేధించాయి. వేటగాళ్ళలో కూడా పలువురు ఈ పోటీలను సమర్థించరు. సీసపు తూటాతో చచ్చిన కయోటీ కళేబరమును పొలములో వదలివేసినచో, దానిని తిన్న గద్దలు మొదలగు పక్షులకు సీసపు విషము సోకే ప్రమాదము కలదు.

కథలలో కయోటీ

అమెరికా ఆదివాసుల కథలలో కయోటీ తెలివైన మోసగాడు, ఒక్కొక్కసారి సృష్టికర్తకు సహాయకుడు. నవాహో ప్రజల సంప్రదాయములో కయోటీ కథలను చలికాలములో మాత్రమే చెప్పుకొంటారు. వేటగాళ్ళు దానికై మంచులో ఎదురుచూచే కాలమే ఆ కథలకు కూడా తగిన కాలము.

ఇవి కూడా చూడండి

నక్క
తోడేలు
వేట