పురుగులూ, బండ్లూ, పాతగోడలూ

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



అనంతగిరి అనగానే మీలో చాలామందికి వికారాబాదు కొండలో, అరకు దారిలోని కాఫీతోటలో గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది ఆ అనంతగిరి కాదు. కోదాడ పక్కన, సూర్యాపేట జిల్లాలో ఉన్న అనంతగిరి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు మండలమైంది. యాత్రికులు వెతుక్కుంటూ వచ్చే ఊరేమీ కాదు. అదే మా పుట్టిల్లు.

నాలుగేళ్ళ క్రితం మా అన్నయ్య అక్కడి పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేశాడు. వానొస్తే కారే ఇల్లు, తీసేయక తప్పదు. ఆ తర్వాత అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు ఓ సాయంత్రం, "మన పాత ఇల్లు ఫోటో ఉంటే చూపించవే, వంటింట్లో దీపం గూడు గుమ్మానికి ఎటువైపు ఉండేదో గుర్తుకు రావటంలేదు" అంది. ఉన్న ఆల్బంలన్నీ దించి తిరగేశాం. పెళ్ళిళ్ళున్నాయి, ఒడిబియ్యాలున్నాయి, పిల్లల పుట్టువెంట్రుకలున్నాయి. అన్నిట్లోనూ మనుషులే. ఎవరి భుజం వెనకో అర గజం గోడ, ఎవరి తల మీదో దూలం ముక్క. నలభై ఏళ్ళు అమ్మ వంట చేసిన వంటిల్లు మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు.

నాకు ఫోటోల సరదా పట్టుకున్నది అప్పుడే. మనుషుల ఫోటోలు ఎలాగూ అందరూ తీస్తారు. ఎవరూ తీయనివాటిని నేను తీద్దామనుకున్నాను. పెరట్లో పురుగులు, రోడ్డుమీద బండ్లు, ఊళ్ళో పాత కట్టడాలు! మావారు మొదట్లో, "ఆ గొంగళిపురుగుకు పెళ్ళిచూపులా ఏమిటి?" అని నవ్వారు. నవ్వనీయండి. ఇప్పుడు ఆయనే, "ఇదిగో, గోడమీద ఏదో కొత్త పురుగు వాలింది, త్వరగా రా" అని పిలుస్తున్నారు.

"ఫోటోలు తీయడం మగవాళ్ళ పని, చదువుకున్నవాళ్ళ పని" అనకండి. నేను పదోతరగతితో ఆగినదాన్నే. మన హైదరాబాదు చరిత్రే చూడండి. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరుగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ మొదట ఇందోరులో ప్రభుత్వ కట్టడాల శాఖ ఉద్యోగి. 1874 ప్రాంతంలో సరదాగా కెమేరా పట్టి, పాత కోటలూ గుళ్ళూ తీస్తూ తీస్తూ అంతవాడయ్యాడు. ఘోషా స్త్రీల కోసం 1890ల మొదట్లో ఆయన హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టినప్పుడు అక్కడ ఫోటోలు తీసింది కెన్నీ లెవిక్ అనే దొరసాని. పత్రికల ఫోటోగ్రాఫర్లలో మన దేశంలో మొదటి మహిళ హోమాయ్ వ్యారవల్లా. ఆమె తొలినాళ్ళలో తీసిన బొమ్మలు భర్త పేరుతో అచ్చయ్యాయి. అదే హోమాయ్‌కి 2011లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఇక ఖర్చు మాట. ఒకప్పుడు ఆగ్ఫా క్లిక్-త్రీ కెమేరాలో రోలు వేస్తే వచ్చేవి పన్నెండే బొమ్మలు. ఒకటి చెడితే ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనే కెమేరా. వంద తీసి తొంభై తుడిచేసినా అడిగేవారు లేరు. అయితే తీసేముందు ఒక్క పని మరవకండి. కూర తాలింపు వేసిన చేత్తోనే ఫోను పట్టుకుంటాం, ఆ జిడ్డంతా అద్దానికి అంటుతుంది. మెత్తని నూలుగుడ్డతో తుడవండి. సగం ఫోటోలు బాగుపడేది అక్కడే.

ముందు పురుగుల సంగతి. పురుగుల ఒంటికి మనకులాగా సొంత వేడి నిలకడగా ఉండదు. ఎండ తగిలితేనే చురుకుదనం. అందుకని తెల్లవారి, పాలు కాగే వేళకు పెరట్లోకి వెళితే అవి మందకొడిగా కూర్చుని ఉంటాయి. నిలబడి పైనుంచి తీస్తే వీపు తప్ప ఏమీ కనిపించదు. పీట వేసుకుని, పురుగు కళ్ళ ఎత్తుకు ఫోను దించండి. మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. మరీ దగ్గరకు పోతే బొమ్మ మసకబారుతుంది. జానెడు దూరంలో మొదలుపెట్టి కొద్దికొద్దిగా దగ్గరకు జరపండి. తూనీగ ఎగిరిపోతే దాని వెంట పరుగెత్తకండి. చాలాసార్లు అది మళ్ళీ ఆ పుల్లమీదకే వచ్చి వాలుతుంది. మీరు కదలకుండా ఉంటే చాలు.

మా కుండీలో కరివేపాకు మీద కాకిరెట్టలాంటిది కనిపిస్తే పుల్లతో దులపబోయాను. ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే దానికి తలా కాళ్ళూ ఉన్నాయి! అది సీతాకోకచిలుక పిల్ల. పిట్టలు తినకుండా రెట్టలా నటిస్తుంది. కొన్నాళ్ళకు ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనకనుంచి కొమ్ములాంటిది బయటపెట్టి ఘాటువాసన వదులుతుంది. నాలుగు రెబ్బల కరివేపాకు దానికి వదిలేశాను. అలాగే తొలకరికి నేలమీద పాకే ఎర్ర మఖమలు ఆరుద్రపురుగు. ఫోటోలో లెక్కపెడితే ఎనిమిది కాళ్ళు. పురుగులకు ఉండేవి ఆరే కదా! అది సాలెపురుగుల బంధువట. నలభై ఏళ్ళుగా చూస్తున్నా, కాళ్ళు లెక్కపెట్టింది మాత్రం ఫోటో తీశాకే.

ఇక బండ్లు. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీదివే. మిర్యాలగూడ రైసుమిల్లుల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1967లో సాగరు కాలువలకు నీళ్ళు వదిలాక ఈ సీమలో వరి పెరిగింది, వరితోపాటు లారీలూ పెరిగాయి. లారీ వెనక రాసిన తామరపువ్వు, పులిబొమ్మ, డ్రైవరు పిల్లల పేర్లు, ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ చూడండి, ఒక్కొక్కటీ ఒక్కో కథ. చెక్క చక్రాల ఎడ్లబండి ఎక్కడన్నా కనిపిస్తే రేపటికి వాయిదా వేయకండి. బస్సులకూ చరిత్ర ఉంది. నిజాం రాష్ట్రంలో 1932లో రైల్వేవారే 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టారు. మన ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాంగారి తల్లి జెహ్రా బేగం పేరుకు గుర్తని చెబుతారు. ఈసారి బస్సు ఫోటో తీస్తే నంబరు పలక కూడా పడేట్టు తీయండి. ఒక్క జాగ్రత్త. రోడ్డుమీద నిలబడి తీయవద్దు. హోటలు దగ్గర ఆగిన లారీనే తీయండి, డ్రైవరును అడిగి తీయండి. కాదనడు సరిగదా, అద్దం తుడిచి మరీ నిలబడతాడు.

చివరగా కట్టడాలు. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి గుళ్ళు చూసే ఉంటారు. కాకతీయుల సామంతులైన రేచెర్లవారు కట్టించినవి. వాటిలో ఎరకేశ్వరాలయం కట్టించింది ఒక స్త్రీ, బేతిరెడ్డి భార్య ఎరకసాని, 1208లో. రాతిమీది చెక్కడాలను మిట్టమధ్యాహ్నం తీస్తే చప్పగా పడతాయి. ఉదయమో సాయంత్రమో ఎండ పక్కనుంచి పడేవేళ తీస్తే ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. నామేశ్వరాలయంలో కాకతీయుల నాటి రంగుల బొమ్మ ఉంది, సాగరమథనం. చాలావరకు చెరిగిపోయింది. అలాంటిచోట ఫ్లాష్ వెలిగించకండి, పాత రంగులకు వెలుతురు హాని చేస్తుంది. గర్భగుడి జోలికి పోకుండా, పూజారిగారిని అడిగి మిగతావి తీసుకోండి. ముందు దూరంనుంచి కట్టడమంతా, తర్వాత గుమ్మం, ఆ తర్వాత ఒక్కొక్క చెక్కడం, ఇదీ వరస. పక్కన ఒక మనిషిని నిలబెడితే ఎత్తు తెలుస్తుంది.

తీసిన ఫోటోలు ఫోనులోనే ఉంచుకుంటే లాభంలేదు. మా ఫోను ఒకసారి నీళ్ళతొట్టిలో పడి ఏడాది బొమ్మలు పోయాయి. నెలకు పది మంచివి ఏరి కాగితం మీద అచ్చు వేయించండి. వెనకాల పెన్సిలుతో ఊరు, తేదీ, అది ఏమిటో రాయండి. మనం ఉన్నంతకాలం మనకు గుర్తుంటుంది. తర్వాత చూసేవాళ్ళకు ఆ రాతే ఆధారం.

పోయిన సంక్రాంతికి మా ఊరు వెళ్ళినప్పుడు, మా ఇంటి ఈడుదే ఒక పెంకుటిల్లు ఇంకా నిలిచి ఉంటే, ఆ ఇంటివారినడిగి వంటిల్లు ఫోటో తీశాను. అమ్మకు చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మనదీ ఇలాగేనే. కాకపోతే గూడు ఎడమవైపు" అంది. ఎడమవైపు! ఏ ఆల్బంలోనూ దొరకని మాట దొరికింది. ఆ ఫోటో వెనక అదే రాసిపెట్టాను.

అందుకని, సోదరీమణులారా, పిల్లలమర్రికి తర్వాత వెళుదురుగాని. ఈ మధ్యాహ్నం పని తెమిలాక ముందు మీ వంటింటి గుమ్మంలో నిలబడి ఒక ఫోటో తీయండి. సర్దకండి, ఉన్నది ఉన్నట్టే తీయండి. గిన్నెలు బోర్లించి ఉన్నా ఫరవాలేదు.