మూతపడిన పుటలు

తిరుపతిలో 1939వ సంవత్సరమున స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయమున తాటియాకుల గ్రంథములు పెక్కు కలవు. అట్టి గ్రంథములను రెండు పలకల నడుమ నుంచి త్రాటితో బిగించి కట్టుదురు. కట్టు విప్పినగాని అందలి యక్షర మొక్కటియు చదువ శక్యము గాదు. మన జీవకణములలోను ఇంచుమించు ఇట్టి యేర్పాటే యున్నది.

కంటి కణమునందును కాలేయపు కణమునందును ఉండు డి.ఎన్.ఏ. గ్రంథ మొక్కటియే. అయినను కాలేయము చూడదు, కన్ను పైత్యరసమును స్రవింపదు. ప్రతి కణమును తనకు వలయు పుటలను విప్పి, తక్కినవానిని కట్టియుంచును. కట్టవలసిన పుటకు గుర్తేమి? ఆ గ్రంథము ఎ, సి, జి, టి యను నాలుగక్షరములతో వ్రాయబడినది. సి వెంట జి వచ్చుచోటులందు తఱచుగా ఆ సి మీద ఒక కర్బన పరమాణువును, మూడు ఉదజని పరమాణువులును గల చిన్న గుంపు చేరును. దీనిని మిథైల్ అందురు. మాకు మన యరసున్న జ్ఞప్తికి వచ్చుచున్నది. అదియు అక్షరమును మార్చదు, బాలుర మార్కులను మాత్రము తగ్గించును! ఈ మిథైల్ గుంపులను సమకూర్చుటకు ఫోలికామ్లము తోడ్పడును. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

గుర్తున్న చాలదు, చదువువారు కావలెను. అట్టి చదువరి మాంసకృత్తు నొకదానిని 1992లో ఆడ్రియన్ బర్డ్ గారును వారి సహచరులును కనుగొని, ఎమ్.ఇ.సి.పి.-2 అని పేరిడిరి. అది మెలిదిరిగిన పోగుల గాడిలో చేరి తడవి చూచును. సి-జి జంట ఎదుటి పోగున వెనుకనుండి చదివినను సి-జి యే యగుటచే, గుర్తు రెండు పోగులందును ఉండును. ఆ మాంసకృత్తునందలి ఆర్జినిన్లు రెండు, వ్రేళ్లవలె చెరియొక జి నిని పట్టుకొని, ప్రక్కనున్న మిథైలును ఆనుకొనును. మిథైల్ లేనిచోట పట్టు సడలును. పట్టు చిక్కినచో, దాని మఱియొక భాగము ఎన్‌కార్ అను మాంసకృత్తుల కూటమిని పిలుచుకొని వచ్చును. ఆ కూటమిలోని యెంజైము, డి.ఎన్.ఏ. చుట్టుకొనియుండు హిస్టోనులనుండి ఎసిటైల్ గుంపులను తీసివేయగా, చుట్టలు బిగిసి పుట మూతపడును.

ఈ చదువరి చెడినచో నేమగును? రెట్ వ్యాధికి కారణ మిదియే యని 1999లో హ్యూస్టన్ నగరమున హుడా జోగ్బీ గారి బృందము తెలిపెను. ఆడుబిడ్డ కొన్ని నెలలు అందఱివలె పెరిగి, మాటలు నేర్చి, పిదప నేర్చినవానిని కోల్పోవును. బొమ్మలు పట్టిన చేతులు ఊరక పిసుకుకొనుచుండును. పై జెప్పిన వ్రేళ్లలో 133వ స్థానమునందలి దొకటి మారినను ఈ వ్యాధి కలుగవచ్చును. ఈ లోపము తఱచు తల్లిదండ్రులలో లేక, బిడ్డయందే క్రొత్తగా పుట్టును. గ్రహణవేళ తల్లి యేమి చేసెనో యని ఇరుగుపొరుగువారు ఆరా తీయుట మేమెఱుగుదుము. అది వట్టి అన్యాయము.

2007లో బర్డ్ గారి ప్రయోగశాలయందు, ఈ జన్యువు మూయబడి వ్యాధి ముదిరిన యెలుకలలో దానిని మరల తెఱచిరి. వానిలో పెక్కు తేరుకొని నడచినవి.