మెదడూ మారుతుంది!
ఎదిగాక మెదడు మారదు.. ఉన్నది తరగడమే! 1960ల దాకా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది మాట ఇదే. అమెరికాలోని బర్క్‌లీలో ఎలుకలు ఆ మాటను తప్పని తేల్చాయి. రోజెన్‌జ్వైగ్, క్రెచ్, బెన్నెట్, మేరియన్ డైమండ్ బృందం ఒకే తల్లికి పుట్టిన ఎలుక పిల్లల్ని విడదీసింది. కొన్నింటిని ఆట వస్తువులున్న పెద్ద బోనులో గుంపుగా, కొన్నింటిని చిన్న బోనుల్లో ఒంటరిగా 80 రోజులు పెంచింది. తిండి అన్నింటికీ ఒకటే. చివరికి చూస్తే గుంపులో పెరిగినవాటి మెదడు పైపొర మందంగా ఉంది!

1964లో ఈ ఫలితం వెలువడింది. డైమండ్ దాన్ని ఓ సభలో వివరిస్తే ఒకాయన లేచి, మెదడు మారడమేంటని గద్దించారట. ఆమె తగ్గలేదు. తర్వాత ముసలి ఎలుకల్లోనూ ఆ మార్పు చూపించారు. పక్షవాతం వచ్చినవారితో నేడు పదేపదే చేయి కదిలించేలా చేయించడానికి ఆసరా ఇలాంటి పరిశోధనలే.