ల్యాంప్ ఫెలోషిప్: పార్లమెంట్‌లో ఎంపీ అడిగే ప్రశ్న ఎవరు రాస్తారో తెలుసా? డిగ్రీ చదివిన వాళ్లకు మంచి ఛాన్స్!

టీవీలో చూస్తుంటాం.. లోక్‌సభలో ఎంపీ లేచి ప్రశ్న అడుగుతారు, కేంద్రమంత్రి సమాధానం చెబుతారు. మన ఊరి రోడ్డుకు ఎన్ని నిధులు వచ్చాయి, రైల్వే లైన్ ఎందుకు ఆగింది లాంటి లెక్కలు చాలావరకు ఇలాగే బయటికొస్తాయి. మరి ఆ ప్రశ్న తయారు చేసేదెవరు? కొందరు ఎంపీల విషయంలో ఆ పని వెనక ఉండేది పాతికేళ్లు కూడా నిండని యువతీ యువకులు. వాళ్లే ల్యాంప్ ఫెలోలు.

అసలేంటీ ల్యాంప్?

లెజిస్లేటివ్ అసిస్టెంట్స్ టు మెంబర్స్ ఆఫ్ పార్లమెంట్.. దీన్నే పొట్టిగా ల్యాంప్ అంటారు. ఢిల్లీలోని పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ 2010లో దీన్ని మొదలుపెట్టింది. ఎంపికైన ఒక్కో ఫెలో ఒక్కో ఎంపీ దగ్గర పనిచేస్తారు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాలు ముగిసేదాకా, అంటే సుమారు 10, 11 నెలలు ఢిల్లీలోనే ఉండాలి. నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. అధికార పక్షమా, ప్రతిపక్షమా అన్న తేడా లేదు. అన్ని పార్టీల ఎంపీల దగ్గరా ఫెలోలు ఉంటారు.

దీని అవసరం ఏంటి?

ఎంపీకి క్వార్టర్స్, ఫోన్ సదుపాయం ఉంటాయి. కానీ బిల్లు చదివి, లెక్కలు తీసి, నోట్ రాసిచ్చే పరిశోధన సిబ్బంది ప్రత్యేకంగా ఉండరు. ఆఫీసు ఖర్చులకిచ్చే అలవెన్సులోనే మనిషిని పెట్టుకోవాలి. ఆ వచ్చిన మనిషికి నియోజకవర్గం నుంచి వచ్చే ఉత్తరాలు, సిఫార్సు లేఖలు, అపాయింట్‌మెంట్లతోనే రోజు గడిచిపోతుంది. ఇక చట్టం ముసాయిదా చదివేదెప్పుడు? ప్రభుత్వం దగ్గరేమో ఒక్కో శాఖకు వందలమంది అధికారులు. అటు అంత బలగం, ఇటు ఒక్క ఎంపీ. ఆ ఎంపీకి సరైన సమాచారం అందకపోతే ప్రభుత్వాన్ని నిలదీయడం కష్టమే.

ఒక్క ప్రశ్నకు ఇంత పవరుందా?

ఉంది. ఎలాగో చూద్దాం.

- లోక్‌సభలో ప్రశ్నోత్తరాల రోజున 20 స్టార్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్ ప్రశ్నలు ఉంటాయి.
- స్టార్ ప్రశ్నకు మంత్రి సభలో నోటితో సమాధానం చెప్పాలి. అనుబంధ ప్రశ్నలు కూడా అడగొచ్చు.
- అన్‌స్టార్ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబిస్తారు.
- కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. ఎవరి ప్రశ్న ముందన్నది లాటరీ తేలుస్తుంది.
- ఆ జవాబులన్నీ పార్లమెంట్ వెబ్‌సైట్‌లో పెడతారు. మనం ఎవరైనా చదువుకోవచ్చు.

ఫెలో తెలివితేటలు బయటపడేది ఇక్కడే. "గ్రామీణ రోడ్ల పరిస్థితి ఏంటి?" అని అడిగితే "ప్రభుత్వం చర్యలు తీసుకుంటోంది" అనే జవాబొస్తుంది. చేతికి దొరికేదేమీ ఉండదు. అదే "గత మూడేళ్లలో ఏ జిల్లాకు ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, మిగిలిన పనులు ఎప్పటికి పూర్తవుతాయి?" అని అడిగితే అంకెలతో చెప్పక తప్పదు.

దానికీ రూల్స్ ఉన్నాయి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. కోర్టులో నడుస్తున్న కేసు గురించి అడగకూడదు. రాష్ట్రం పరిధిలోని విషయమైతే తిరస్కరిస్తారు. ఇవన్నీ తెలిసిన మనిషి పక్కనుంటేనే ప్రశ్న గట్టెక్కుతుంది.

"సమాచారం సేకరిస్తున్నాం" అని మంత్రి దాటేస్తే? అది సభకిచ్చిన హామీ కిందికి వస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ ఆరా తీస్తుంది.

ప్రశ్నలే కాదు..

బిల్లుపై మాట్లాడేందుకు పాయింట్లు, స్టాండింగ్ కమిటీ మీటింగ్‌కు నోట్, జీరో అవర్‌లో ఎత్తాల్సిన అంశం, ప్రైవేట్ మెంబర్ బిల్లు ముసాయిదా.. ఇవన్నీ ఫెలో పనులే. అయితే స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైన ప్రైవేట్ మెంబర్ బిల్లులు 14 మాత్రమే. చివరిది 1970లో పాసైంది. అయినా ఎంపీలు వాటిని పెడుతూనే ఉంటారు. ఎందుకంటే చర్చ మొదలవుతుంది. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై తిరుచ్చి శివ పెట్టిన బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. అది లోక్‌సభ దాటలేదు కానీ, 2019లో ప్రభుత్వమే ఆ అంశంపై చట్టం తెచ్చింది.

పరిమితులూ ఉన్నాయి

నోట్ ఎంత బాగా రాసినా ఓటు మాత్రం పార్టీ విప్ ప్రకారమే. ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చిన 1985 నుంచి ఇదే పరిస్థితి. బిల్లులో లోపం కళ్లముందు కనిపిస్తున్నా, ఎంపీ పార్టీ గీత దాటలేరు. ఇంకో మాట.. ఫెలో పేరు ఎక్కడా వినిపించదు. చప్పట్లు ఎంపీకే.

ఎవరు అప్లై చేయొచ్చు?

ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉన్న భారతీయులు, 25 ఏళ్ల లోపు వారు. లా, ఎకనామిక్స్ చదివి ఉండాల్సిన పనిలేదు. ఇంజినీరింగ్ వాళ్లూ రావొచ్చు. దరఖాస్తులో రాతపని ఉంటుంది, తర్వాత ఇంటర్వ్యూ. తేదీలు, స్టైపెండ్ ఎంతన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

ఢిల్లీ వెళ్లలేని వాళ్ల సంగతేంటి?

ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది, తెలంగాణకు 17 మంది లోక్‌సభ ఎంపీలున్నారు. మీ ఎంపీ ఏమేం అడిగారు, ఏం జవాబొచ్చిందన్నది పార్లమెంట్ సైట్‌లో పేరుతో వెతికితే ఫోన్‌లోనే కనిపిస్తుంది. అందులో మీ ఊరి సమస్య లేకపోతే, జిల్లా పేరు, ఏళ్లు, లెక్కలు అడుగుతూ ప్రశ్న మీరే రాసి ఎంపీ ఆఫీసుకు ఇవ్వొచ్చు. అక్కడా పని కాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసైతే 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. అడిగే పద్ధతి మాత్రం రెండింటికీ ఒక్కటే.. అభిప్రాయం కాదు, అంకె అడగాలి.