వార్తల్లో పదం: కేబుల్‌కార్డ్

అమెరికాలో కేబుల్ కంపెనీ ఇచ్చే రికార్డర్‌కు నెలనెలా అద్దె కట్టాలి. అది వద్దనుకుని టీవో అనే కంపెనీ రికార్డర్ పెట్టె సొంతంగా కొనుక్కున్నవాళ్లకు ఒక తాళంచెవి కావాల్సి వచ్చేది. అదే కేబుల్‌కార్డ్. పాత ల్యాప్‌టాప్‌ల పక్కన దూర్చే కార్డంత ఉంటుంది. స్క్రాంబుల్ చేసిన చానళ్లను విప్పే పని దానిది.

సెట్‌టాప్ బాక్సులు బయటి మార్కెట్లోనూ దొరకాలని 1996 టెలికాం చట్టం చెప్పింది. 2007 జులై నుంచి కంపెనీలు తమ కొత్త బాక్సుల్లోనూ ఇలాంటి కార్డే వాడాలని నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పట్టుబట్టింది. అయినా వాడకం తలనొప్పే. కార్డు దూర్చగానే తెరమీద పొడవాటి నంబర్లు వస్తాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి వాటిని ఒక్కో అంకే చదివి వినిపించాలి. ఒక్కటి తప్పితే సినిమా చానళ్లు రావు. ఫోనెత్తినవాళ్లకు అసలీ కార్డేమిటో తెలిస్తే అదృష్టమే!

పైగా ఆన్ డిమాండ్ సినిమాలు సాధారణంగా దీనితో రావు. 2020లో ఎఫ్‌సీసీ, కంపెనీలు ఈ కార్డు వాడేవాళ్లకు తోడ్పాటు ఇవ్వాలన్న నిబంధనలను ఎత్తేసింది.  2025లో టీవో కూడా రికార్డర్ల అమ్మకం ఆపేసింది.