ప్రభుత్వ కంప్యూటర్లకు కాపలా ఎవరిది?
తాళం పేరు చెప్పరు. ఇంటిదొంగ భయం మాత్రం పోదు

పెద్దమండ్యం: ఒకప్పుడు ఊరి భూముల లెక్కలన్నీ కరణంగారి పెట్టెలో వుండేవి. పెట్టెకు తాళం, ఊరికి తలారి కాపలా. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. మరుసటి ఏడు మండలాలు ఏర్పడ్డాయి. లెక్కలు మండల కార్యాలయం బీరువాలకు చేరాయి. ఇప్పుడు బీరువాలను కూడా దాటి కంప్యూటరులోకి ఎక్కాయి. అడంగలు కావాలన్నా, 1-బి నకలు కావాలన్నా రైతు మీసేవకో, సచివాలయానికో పోయి తెర ముందు నిలబడవలసిందే.

వేరుశనగ వేసే మెట్టపొలమైనా, టమోటా పండే బోరుబావి చేనైనా, దాని హక్కు ఆ తెర మీద కనిపించే నాలుగు అక్షరాలపైనే ఆధారపడివుంది. ఆ అక్షరాలను ఎవరైనా చెరిపేస్తే? రాత్రికి రాత్రి పేరు మార్చేస్తే? ప్రభుత్వ కంప్యూటర్లకు ఎవరు కాపలా కాస్తున్నారు? ఏ కంపెనీ సాఫ్ట్‌వేరు వాడుతున్నారు? చదువుకున్న కుర్రాళ్ళు నలుగురు చేరిన చోట ఒకరు ఒక పేరు, ఇంకొకరు ఇంకో పేరు చెబుతుంటారు. ఆ ఊహల్లో నిజమెంత?

తాళం పేరు ఎందుకు చెప్పరు?

ఏ కార్యాలయంలో ఏ రక్షణ సాఫ్ట్‌వేరు వుందో ప్రభుత్వాలు సాధారణంగా చాటింపు వేయవు. ఇంటికి వేసిన తాళం ఏ కంపెనీదో వీధిలో చెబితే, దొంగ దానికి సరిపోయే మారుతాళం చేయించుకుని వస్తాడు. ఇదీ అంతే. అయితే పూర్తిగా దాగేదీ కాదు. ప్రభుత్వం సరుకులు కొనాలంటే సాధారణంగా టెండరు పిలుస్తుంది. టెండరు కాగితాలు చదివినవారికి కొంత తెలిసిపోతుంది.

బహిరంగంగా తెలిసిన విషయాలు కొన్ని వున్నాయి. కేంద్ర, రాష్ట్ర కార్యాలయాల కంప్యూటరు పనులు చూడడానికి జాతీయ సమాచార కేంద్రం 1976లోనే ఏర్పడింది. దేశంలో కంప్యూటర్లపై దాడులు జరిగితే హెచ్చరించి, ఏంచేయాలో చెప్పే సంస్థ సెర్ట్-ఇన్ 2004లో మొదలైంది. వైరస్‌లను తుడిచే సాధనాలను ప్రజలకు ఉచితంగా ఇచ్చే సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని 2017 ఫిబ్రవరిలో ప్రారంభించారు. కంప్యూటరు రక్షణ సరుకుల కొనుగోలులో స్వదేశీ తయారీకి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2018లో ఉత్తర్వు ఇచ్చింది.

రక్షణ శాఖ ఇంకో అడుగు ముందుకు వేసింది. విండోస్‌కు బదులుగా మాయా అనే సొంత వ్యవస్థను తయారు చేయించి, 2023లో తన కంప్యూటర్లలో పెట్టడం మొదలుపెట్టింది. దానికి తోడు చక్రవ్యూహ్ అనే కాపలా సాఫ్ట్‌వేరును కూడా సిద్ధం చేశారు.

పరాయివాడి తాళం ఎందుకు వద్దనుకున్నారో అమెరికా ఉదంతం చెబుతుంది. రష్యాకు చెందిన కాస్పర్‌స్కీ సాఫ్ట్‌వేరు ప్రపంచమంతటా పేరున్నదే. దాన్ని తమ ప్రభుత్వ కార్యాలయాల నుంచి తీసేయాలని 2017 సెప్టెంబరులో అమెరికా ఆదేశించింది. 2024లో ఆ దేశంలో అమ్మకాన్నే నిషేధించింది. ఆరోపణలు నిజం కావని కంపెనీ వాదించింది. ఎవరి మాట ఎలా వున్నా ఒక సంగతి స్పష్టం. కాపలాదారు ఇంట్లోని ప్రతి గదీ తిరిగి చూస్తాడు. కనుక కాపలా పెట్టే ముందు వాడు ఎవరి మనిషో చూసుకోవాలి.

తలారి చేసే పనే

వైరస్‌ను పట్టే సాఫ్ట్‌వేరు పని ఊరి తలారి పని వంటిదే. పాతదొంగల ముఖాలు తలారికి గుర్తుంటాయి. ఊళ్ళోకి వచ్చినవాణ్ణి చూసి పోల్చుకుంటాడు. సాఫ్ట్‌వేరు దగ్గర కూడా తెలిసిన వైరస్‌ల గుర్తుల జాబితా వుంటుంది. వచ్చిన ప్రతి ఫైలునూ ఆ జాబితాతో సరిచూస్తుంది. కొత్త దొంగ వస్తే ముఖం తెలియదు. అందుకే ఇప్పటి సాఫ్ట్‌వేర్లు నడతను కూడా గమనిస్తాయి. అర్ధరాత్రి గోడ దూకేవాడు ఎవడైనా సరే పట్టుకోవాలన్నట్టు, ఒక్కసారిగా వందల ఫైళ్ళను మార్చేస్తున్న ప్రోగ్రామును ఆపేస్తాయి. జాబితాను ఎప్పటికప్పుడు తాజా చేయకపోతే మాత్రం ఆ కాపలా నిద్రపోయిన తలారితో సమానం.

2017 మే 12న ప్రపంచానికి ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. వాన్నాక్రై అనే వైరస్ సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. ఫైళ్ళకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసివచ్చింది. మన రాష్ట్రంలో అప్పటి చిత్తూరు సహా పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. తిరుపతిలో దేవస్థానం కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కుకున్నాయి.

విచారించవలసిన విషయమేమిటంటే, ఈ వైరస్ దూరిన కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే ఏడు మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలల వ్యవధి వుంది. సవరణ ఎక్కించుకున్న యంత్రాలు దాడిని తట్టుకున్నాయి. ఎక్కించనివి దొరికిపోయాయి. ఎంత ఖరీదైన తాళం కొన్నా, తలుపు తీసిపెడితే ఏం లాభం?

పాత యంత్రాల బెడద ఇంకొకటి. విండోస్ ఎక్స్‌పీకి సవరణలు ఇవ్వడం 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది. విండోస్ 10కు మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇలాంటి కంప్యూటర్లు ఏ కార్యాలయంలో మూలన నడుస్తున్నా, వాటిని మార్చవలసిన అవసరం ఎంతైనా వుంది.

2019 ఏప్రిల్ చివర తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై కూడా ఇటువంటి తాళం వేసే దాడి జరిగింది. తిరుపతి కేంద్రంగా మన పల్లెలకు కరెంటు ఇచ్చే దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ కూడా వాటిలో వుంది.

ఇంటిదొంగను పట్టేదెవరు?

బయటి దొంగ సంగతి అలా వుంచితే, అసలు భయం వేరే వుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. పాస్‌వర్డు తెలిసినవాడు లోపలికి వచ్చి తప్పు రాత రాస్తే, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వైరస్ అనుకోదు. దానికి అది రోజూ జరిగే పనే.

2021 అక్టోబరులో సి.ఐ.డి. వెల్లడించిన కేసు ఇందుకు ఉదాహరణ. అప్పటి చిత్తూరు జిల్లాలోని 13 మండలాల్లో 2,320 ఎకరాల ప్రభుత్వ భూమిని నకిలీ పత్రాలతో ఒక కుటుంబం పేరిట కంప్యూటరు రికార్డుల్లోకి ఎక్కించారన్నది అందులోని అభియోగం. సోమల మండలంలో వచ్చిన ఫిర్యాదుతో డొంక కదిలింది. పట్టుకున్నది సాఫ్ట్‌వేరు కాదు. రికార్డును అనుమానంతో చూసిన మనిషి.

2018లో తెలంగాణలో మరో విచిత్రం బయటపడింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో వున్న దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్ కార్డులను పనిచేయించిన వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. ఇక్కడ వైరస్ లేదు, తాళం పగలగొట్టడమూ లేదు. అందరికీ కనబడేలా పెట్టిన కాగితమే కొంప ముంచింది.

అలాగని కాగితమే మేలని అనుకోవడానికీ లేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి ఎన్నో ఫైళ్ళు కాలిపోయాయి. ప్రభుత్వం దర్యాప్తుకు ఆదేశించింది. కాగితానికి నిప్పు భయం, కంప్యూటరుకు వైరస్ భయం. రెండింటికీ మందు ఒక్కటే. ఇంకో చోట ఇంకో నకలు భద్రంగా వుండాలి. ఆ నకలు కూడా అదే గదిలో, అదే తీగకు తగిలించి వుంటే ప్రయోజనం లేదు.

రైతు చేయగలిగింది

ప్రభుత్వ తాళం రైతు చేతిలో లేదు. కాని తన వంతు కాపలా తాను కాయవచ్చు. మీభూమి వెబ్‌సైటులో అడంగలు, 1-బి చూసుకునే వీలు 2015 నుంచి వుంది. ఏడాదికి ఒకసారైనా, పంట వేసే ముందు, సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు సరిచూసుకుని నకలు తీయించి దాచుకోవాలి. మీసేవలో ఈసీ కూడా తీయించుకుంటే తన భూమి మీద ఎవరైనా రిజిస్ట్రేషను చేయించారేమో తెలిసిపోతుంది. పాత పాసుపుస్తకం, దస్తావేజులు పారేయరాదు. రేపు కంప్యూటరు తప్పు చెబితే సాక్ష్యం చెప్పేవి అవే.

ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకునే వీలు కూడా వుంది. ఆధార్‌కు ఫోను నంబరు జతచేసి వుంటే సెల్‌ఫోనులోనే చేసుకోవచ్చు. అయితే తాళం వేసివుండగా రేషను, పింఛను దగ్గర కూడా వేలిముద్ర పనిచేయదు. అవసరమైనప్పుడు తీసి, మళ్ళీ వేసుకోవాలి. బ్యాంకులో సొమ్ము మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. ఓటీపీ అడిగినవాడు అధికారినని చెప్పుకున్నా చెప్పరాదు.

కార్యాలయాలు చేయవలసిందీ వుంది. ఒకరి పాస్‌వర్డు ఇంకొకరు వాడే అలవాటు ఎక్కడున్నా మానాలి. ఏ రికార్డును ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు మార్చారో కంప్యూటరు రాసిపెడుతుంది. ఆ చిట్టాను పై అధికారి తరచూ చూడాలి. తన భూమి రికార్డు మారిన రైతు అడిగితే దాన్ని చూపించాలి.

తాళం ఏ కంపెనీదో ప్రభుత్వం చెప్పకపోయినా ఫరవాలేదు. తాళంచెవి ఎవరెవరి దగ్గర వుందో, నిన్న రాత్రి దాన్ని ఎవరు వాడారో మాత్రం రైతుకు తెలియాలి.