గొడుగు చిన్నది చేసుకునే ముందు...

"పిన్నీ, ఒక మాట. అమ్మకు మాత్రం చెప్పకు" అంటూ మా అక్క కూతురు ఫోన్ చేసిందంటే నా గుండెల్లో రాయి పడుతుంది. ఆ పిల్ల దక్షిణ కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తోంది. శని, ఆదివారాల్లో తోటి పిల్లలు సినిమాలకీ, షాపింగుకీ వెళ్తే ఈ మహాతల్లి విమానమెక్కి పదమూడు వేల అడుగుల ఎత్తు నుంచి కిందికి దూకుతుంది! స్కైడైవింగ్ అంటారు. రెండేళ్లలో తొంభై సార్లు దూకింది. మా అక్కకు తెలిసింది మాత్రం మొదటి ఒక్కసారే. అదీ ఫొటో చూసి.

ఈసారి కబురు వేరు. అక్కడి సీనియర్ ఒకరు తన పాత పారాచూట్‌ను సగం ధరకే ఇస్తానన్నారట. తను ఇప్పుడు వాడుతున్న దానికంటే చిన్నది, చురుకైనది. "కొనేయనా పిన్నీ?" అని అడిగింది. మూడో అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూస్తేనే కళ్లు తిరిగే నన్ను! మొదట నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. "ముందు నాకు అర్థమయ్యేట్టు చెప్పు. ఆ తర్వాత నువ్వే తేల్చుకుందువుగాని" అన్నాను.

చిన్నదైతే ఏమవుతుంది?

పారాచూట్ అనగానే మనకు పాత సినిమాల్లోని గుండ్రటి గొడుగే గుర్తొస్తుంది. ఇప్పుడు స్కైడైవర్లు వాడేది అది కాదు. 1964లో అమెరికాలో డొమినా జాల్బర్ట్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి నుంచి వచ్చింది. పక్కపక్కన కలిపి కుట్టిన దిండు గలీబుల్లా పొడుగ్గా ఉంటుంది. ముందున్న మూతుల్లోంచి గాలి దూరి, విమానం రెక్కలా బిగుసుకుంటుంది. అంటే మనల్ని దింపే గొడుగే కాదు, మనం నడుపుకోవాల్సిన రెక్క కూడా. కుడి పట్టీ లాగితే కుడికి తిరుగుతుంది, ఎడమది లాగితే ఎడమకి. నేల దగ్గరయ్యాక రెండూ కలిపి సరైన సమయానికి లాగితే వేగం తగ్గి మెత్తగా కాళ్లు ఆనుతాయి.

ఏది ఎంత చురుకైనదో తెలుసుకోవడానికి ఓ లెక్క ఉంది. మనిషి బరువూ, సామాను బరువూ పౌండ్లలో కలిపి, పారాచూట్ వైశాల్యం ఎన్ని చదరపు అడుగులో దానితో భాగించాలి. మా పిల్ల 120 పౌండ్లు, అంటే 54 కిలోలు. బట్టలు, సామాను మరో 25 పౌండ్లు. మొత్తం 145. ఇప్పుడున్నది 170 చదరపు అడుగులది కాబట్టి లెక్క 0.85. కొంటానంటున్న 135 అడుగుల దానికైతే 1.07. ఈ అంకె పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. మలుపు తిరిగినప్పుడు ఎత్తు ఎక్కువ పోతుంది. తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి తగ్గుతుంది.

సన్నటి అమ్మాయిలకే ఈ చిక్కు

"నువ్వు తేలిక. పెద్దదాని మీద గాలికి వెనక్కి కొట్టుకుపోతావు, చిన్నది కొనుక్కో" అని అమ్మాయిలకు సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదట. గాలి జోరుగా ఉన్నప్పుడు అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ దానికి విరుగుడు గాలి తగ్గేదాకా కింద కూర్చోవడం!

ఇక్కడే అంకెలు మోసం చేస్తాయి. సామానుతో కలిపి 190 పౌండ్లున్న మనిషి 190 అడుగుల దాని మీద, 135 పౌండ్లున్న అమ్మాయి 135 అడుగుల దాని మీద ఎగురుతున్నారనుకోండి. ఇద్దరి లెక్కా 1. అయినా చిన్నదానికి తాళ్లు పొట్టి. చెయ్యి కాస్త కదిపినా గభాల్న తిరుగుతుంది. అంకె ఒకటే కదా అని ధీమా పడకూడదు.

ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. పారాచూట్ తెరుచుకోకపోవడమే ప్రమాదమని మనం అనుకుంటాం. కానీ చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే, నేల దగ్గర హఠాత్తుగా మలుపు తిరగబోయి దెబ్బలు తిన్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారట.

మరి ఎప్పుడు మారాలి?

అమెరికా పారాచూట్ సంఘం ఇచ్చే నాలుగు లైసెన్సులకు వరసగా 25, 50, 200, 500 సార్లు దూకి ఉండాలి. కానీ ఎన్నిసార్లు దూకామన్నది ఒక్కటే సరిపోదు. అనుభవమున్న శిక్షకులు ఇలాంటి ప్రశ్నలు వేస్తారట:

ఇప్పుడున్న దానితో అనుకున్న చోటికి పది మీటర్ల లోపు పదేపదే దిగగలుగుతున్నావా? గాలి బొత్తిగా లేని రోజునా, పక్క నుంచి గాలి కొడుతున్నప్పుడూ తడబడకుండా దిగగలవా? నేల దగ్గర ఎవరైనా అడ్డొస్తే ఎత్తు ఎక్కువ పోకుండా, ఒరిగిపోకుండా తిరగగలవా? పట్టీలు ఎంతదాకా లాగితే రెక్క పట్టు తప్పుతుందో పైన ఎత్తులో ఉండగానే చూసుకున్నావా?

అన్నిటికీ "అవును" అన్నా ఒక్క మెట్టే దిగాలి. 170 నుంచి 150కి, అంతేగాని 135కి కాదు. కొలత మార్చినప్పుడు ఆకారం మార్చకూడదు. ఏ బరువుకు, ఎంత అనుభవానికి ఏది తగునో తయారీదారులు పట్టిక ఇస్తారు, అదీ చూసుకోవాలి.

మూడో ప్రశ్న దగ్గర మా పిల్ల గొంతు ఆగిపోయింది. "ఏమైందే?" అన్నాను. నెల కిందట దిగేటప్పుడు ఇంకొకరు అడ్డంగా వచ్చారట. కంగారులో ఎడమ పట్టీ బలంగా లాగేసింది. ఒక పక్కకి ఒరిగి నేలకు తగిలింది. చీలమండ బెణికి రెండు వారాలు కుంటింది. వాళ్లమ్మకు మెట్ల మీద జారానని చెప్పిందట. "అదే 135 మీదైతే..." అంది. మాట పూర్తి చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

దూకడం మానెయ్యమని నేను అనలేదు. 1913లో లాస్ ఏంజెలెస్‌లో టైనీ బ్రాడ్విక్ అనే అమ్మాయి విమానం నుంచి పారాచూట్‌తో దూకిన తొలి మహిళ అయింది. మన రేచల్ థామస్, శీతల్ మహాజన్ ఉత్తర ధ్రువం మీదే దూకి వచ్చారు. ఇద్దరూ పద్మశ్రీలే. ఆడపిల్లకెందుకు అనే రోజులు పోవాలి. కానీ తొందర వేరు, ధైర్యం వేరు. చిన్నప్పుడు మా వీణ మాస్టారు సరళీ స్వరాలు మూడు కాలాల్లోనూ పలికితేగాని జంట స్వరాలు మొదలుపెట్టనిచ్చేవారు కారు. పక్కింటి పిల్ల గీతాల్లోకి వెళ్లిపోయిందని నేను ఏడ్చేదాన్ని. ఆ పిల్ల వేళ్లు వర్ణం దగ్గర తడబడ్డప్పుడు గానీ మాస్టారి మాట బోధపడలేదు. వీణ మీద అపశ్రుతి పలికితే మళ్లీ వాయించుకోవచ్చు. నేల దగ్గర ఆ వీలుండదు కదా!

మా పిల్ల ఆ 135 కొనలేదు. పారాచూట్ నడపడంలో ప్రత్యేక శిక్షణకు పేరిచ్చింది. ఆ ప్రశ్నలన్నిటికీ 170 మీదే జవాబు చెప్పగలిగాక, 150ని అద్దెకు తీసుకుని చూస్తుందట. నేనింకో షరతు కూడా పెట్టాను. అమ్మకు నిజం చెప్పాలి.

చెప్పింది. అక్క చాలాసేపు మాట్లాడలేదట. ఆ తర్వాత ఒక్కటే అందట: "ఆ పెద్దది మాత్రం అప్పుడే అమ్మెయ్యకే."

ఇంతా విని అక్క సరిగ్గా ఆ మాటే అందంటే, అమ్మలకు చెబితే అర్థం కాదని పిల్లలు ఎందుకనుకుంటారో!